బొగ్గులు అంటించడం నాకు రాదట

మా మరిది ఫోన్ చేసి, "వదినా, ఆదివారం మీరందరు మా ఇంటికి రావాలె. గ్రిల్లు కొన్న. వచ్చేటప్పుడు నీ గ్యాస్ టార్చ్ పట్టుకరా, దానితోని బొగ్గులు అయిదు నిమిషాల్ల అంటుకుంటయంట," అన్నప్పుడు నేను సంబరపడ్డాను. ఆ సంబరం తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే ఒళ్లు మండుతుంది. అతనికి కావలసింది టార్చ్. దాన్ని పట్టుకోవడం తెలిసిన మనిషి కాదు. ఆ సంగతి బొల్లారంలో అతని ఇంటికి వెళ్లాక గాని నాకు అర్థం కాలేదు.

మా బాపు రెజిమెంటల్ బజార్‌లో బంగారం పని చేసేవాడు. దుకాణం అనడానికి లేదు, ఒక మనిషి కాళ్లు చాపితే ఎదురుగోడకు తగిలేంత గది. అందులో ఒక కుంపటి, చెక్క పీట, దీపం, ఊదుగొట్టం. ఆ గొట్టంతో మంటను సన్నగా ఊది గొలుసు కొక్కానికి అతుకు పెట్టడం నేను పదో తరగతి సెలవుల్లో ఆయన పక్కన కూర్చుని నేర్చుకున్నాను. ఆయనకు ఊపిరి సరిగా ఆడని రోజులు వచ్చాక ఊదే పని నాదైంది. తర్వాత గొట్టం పోయి గ్యాస్ టార్చ్ వచ్చింది. పెళ్లయి పద్మారావు నగర్ వచ్చినా ఆ పని మానలేదు. వెనక వరండాలో బల్ల వేసుకుని, బజారు దుకాణాల వాళ్లు పంపే తెగిన గొలుసులు, ఊడిన కమ్మలు ఈ రోజుకీ నేనే అతుకుతాను. ముప్పై ఏళ్లకు పైగా నిప్పు ముందు కూర్చున్నదాన్ని. ఎడమ బొటనవేలి మీద ఒక్క మచ్చ ఉంది, అది కూడా తొలి ఏడాదిది.

బాపు కూర్చోబెట్టి పాఠాలు చెప్పే మనిషి కాదు. కాని నిప్పు వెలిగించే ముందు ప్రతిసారీ గదంతా ఒకసారి కళ్లతో వెతికేవాడు. బట్ట ఎక్కడుంది, నూనె సీసా ఎక్కడుంది, నీళ్ల చెంబు చేతికి అందుతుందా అని. ఒకసారి జడ ముడి వేసుకోకుండా కుంపటి మీదికి వంగానని చెంప మీద కొట్టాడు. ఆయన నన్ను కొట్టింది ఆ ఒక్కసారే.

ఇంత ఎందుకు చెబుతున్నానంటే, ఆ ఆదివారం బొల్లారంలో మా మరిది పెరట్లో ఉన్న ఏడుగురు మనుషుల్లో నిప్పు సంగతి తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. అందరికంటే ముందు వంటింట్లోకి పంపించింది కూడా నన్నే.

మా మరిది మా ఆయనకంటే పదేళ్లు చిన్న. ఏదో కంపెనీలో మేనేజరు. మా అత్తమ్మకు వాడంటే ప్రాణం. అత్తమ్మ ఉండేది మా దగ్గరే, పద్మారావు నగర్లో, కాని ఏ మంచి ముద్ద తిన్నా చిన్నకొడుకు పేరు తలుచుకుంటుంది. బొల్లారంలో వాడు కట్టుకున్న ఇంటికి వెనక మంచి పెరడు ఉంది. ఇంట్లోకి దిగి మూడు నెలలైనా కాలేదు. అత్తమ్మతో కలిసి మేము వెళ్లేసరికి మధ్యాహ్నం పన్నెండు కావస్తోంది. టార్చ్‌ను బట్టలో చుట్టి, గ్యాస్ డబ్బాను విడిగా ఇంకో సంచిలో పెట్టుకుని, ఎండ తగలకుండా దారంతా కాళ్ల దగ్గర నీడలో పట్టుకుని తెచ్చాను.

పెరట్లోకి అడుగు పెట్టగానే నా కాళ్లు ఆగిపోయాయి. గ్రిల్లు వంటింటి వెనక తలుపు పక్కన, గోడకు ఆనించి పెట్టి ఉంది. దాని పైన ఎండకని కట్టిన ఆకుపచ్చ నెట్టు, చేయెత్తితే అందేంత కిందికి వేలాడుతోంది. పక్కనే, రెండడుగుల దూరంలో, నిండు వంటగ్యాస్ సిలిండరు.

"ఇక్కడ వద్దు, నడుమ జాగల పెడదాం. పైన నెట్టు ఉన్నది, పక్కన సిలిండర్ ఉన్నది," అన్నాను.

"అక్కడ ఎండ కొడ్తది వదినా," అన్నాడు మరిది.

"ఎండ మనకు కొడ్తది. బొగ్గుకు ఏమైతది?"

మా ఆయన నా భుజం మీద చెయ్యి వేసి, మెల్లగా, "వాని ఇల్లు, వాని ఇష్టం. నువ్వు ఊకో," అన్నాడు.

నేను ఊకోలేదు. మా తోడికోడలు, మరిది భార్య, ఇంతలో బయటికి వచ్చింది. ఆ పిల్ల చిన్నదే గాని తెలివైనది. నా ముఖం చూసి గ్రిల్లుకు ఒక వైపు పట్టుకుంది. ఇద్దరం కలిసి పెరటి మధ్యకు లాగాం. సిలిండరును ఇంటి ముందు వైపుకు దొర్లించాం. మగవాళ్లు నలుగురు, మా ఆయన, మరిది, వాడి ఆఫీసు స్నేహితులు ఇద్దరు, నిలబడి చూశారు. ఒక్కడూ ముందుకు రాలేదు.

తర్వాత నేను బొగ్గుల సంచి విప్పాను. కట్టెబొగ్గు. కాలిన కొమ్మ ఆకారం అలాగే ఉంటుంది, ఒకటి పిడికెడంత ఉంటే ఒకటి మూరెడుంటుంది. ఈ బొగ్గు అందంగా అంటుకుంటుంది గాని, ఎక్కడైనా బెరడు మిగిలినా లోపల తేమ ఉన్నా టప్పుమని పగిలి రవ్వలు చిమ్ముతుంది. అందుకని పెద్దవి కింద, సందులు ఉండేలా పేర్చి, చిన్నవి పైన పెట్టాను. బెరడున్న ముక్కలు ఏరి పక్కన పెట్టాను. పైట నడుముకు బిగించుకుని, జుట్టు ముడేసుకుని, పనిలో పెట్టుకునే కళ్లద్దాలు పెట్టుకున్నాను. ఒక బకెట్ నిండా నీళ్లు, ఇల్లు కట్టగా మిగిలిన ఇసుక ఒక తట్టెడు దగ్గర పెట్టుకున్నాను. టార్చ్‌ను డబ్బాకు బిగించి, బిగించిన చోట సబ్బు నురుగు పూసి బుడగలు వస్తున్నాయేమో చూశాను. రాలేదు.

స్నేహితుల్లో ఒకడు నవ్వాడు. "ఏంది అన్నా, మేడమ్ ల్యాబ్ ఓపెన్ చేసిందా? చికెన్ రేపు తింటమా?"

అందరూ నవ్వారు. మా మరిది కూడా నవ్వి, నా చేతిలోంచి టార్చ్ తీసుకున్నాడు. లాక్కున్నాడు అనలేను, ఎందుకంటే నేను వదిలేశాను. "వదినా, నీకు బంగారం సంగతి తెలుసు, కాదంట లేను. బొగ్గులంటించుడు వేరే. నీకు రాదు ఇది. నేను పది వీడియోలు చూసిన. నువ్వు లోపలికి పోయి ఆ మసాల జెర చూడు."

నాకు రాదట. ఇంట్లో పొద్దున లేచి పొయ్యి వెలిగించేది ఆడవాళ్లు. కాస్త చలేస్తే కుంపటి రాజేసేది ఆడవాళ్లు. పండగకు ఇంటి ముందు కట్టెల పొయ్యి పెట్టి పొగలో కళ్లు మండించుకునేది ఆడవాళ్లు. అదే నిప్పు పెరట్లో మూత ఉన్న ఇనప డబ్బాలోకి వచ్చి, చుట్టూ స్నేహితులు నిలబడితే మాత్రం అది ఉన్నట్టుండి మగవాళ్ల విద్య అవుతుంది. ఆ మాట నేను అక్కడ అనలేదు. అనవలసింది. మూడే మాటలు అన్నాను. "డబ్బ తలకిందులు చెయ్యకు, మంట ఒక్కసారి ఇంతెత్తున లేస్తది. ఒక్కచోటనే పట్టుకో, తిప్పకు. ఇంకొకటి, అంటుకుంటలేదని పైన ఏదన్న పోస్తవేమో, ఏది పొయ్యకు." అని లోపలికి వెళ్లాను.

వంటింటి కిటికీలోంచి అంతా కనిపిస్తూనే ఉంది. మా మరిది టార్చ్ వెలిగించి, గోడకు రంగు కొడుతున్నట్టు బొగ్గుల మీద అటూ ఇటూ తిప్పుతున్నాడు. అలా తిప్పితే ఏ ముక్కా వేడెక్కదు. ఎక్కడో ఒక ముక్క టప్పుమని రవ్వలు చిమ్మింది. వాడు వెనక్కి గెంతాడు. స్నేహితులు మళ్లీ నవ్వారు. ఆ నవ్వుకు వాడి ముఖం మారింది. ఇంకో రెండు నిమిషాలు తిప్పి, టార్చ్ ఆపి కింద పెట్టేశాడు. పైన బొగ్గు నల్లగానే ఉంది. కాని పొగ సన్నగా కింది సందుల్లోంచి వస్తోంది. అంటే లోపల ఎక్కడో ఎర్రబడింది. నేను అక్కడ ఉంటే, ఇక చాలు, గాలి తగలనీ, దానంతట అదే పాకుతుంది అని చెప్పేదాన్ని.

అత్తమ్మ ప్రహరీ గోడ నీడలో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చుని ఉంది. గ్రిల్లుకు పదడుగుల దూరం ఉంటుందేమో.

ఇంతలో స్నేహితుల్లో ఒకడు బయటి బాత్రూం గూట్లోంచి ఒక సీసా తెచ్చాడు. ఇంటికి రంగులు వేసినప్పుడు మిగిలిన థిన్నర్. నేను చేతిలో గిన్నె అక్కడే వదిలేసి పరుగెత్తాను. తలుపు దాటుతూ, "పొయ్యకు, లోపల నిప్పున్నది, పొయ్యకు," అని గట్టిగా అరిచాను. మా మరిది నా వైపు చూశాడు. నన్ను చూసి, నా మాట విని, పోశాడు.

మంట బొగ్గుల మీద లేవలేదు, సీసా మూతి దాకా ధారను పట్టుకుని పైకి వచ్చింది. వాడు కేక పెట్టి సీసాను విసిరేశాడు. విసిరిన మనిషికి ఎటు విసిరాడో కూడా తెలియదు. అది మండుతూ వెళ్లి అత్తమ్మ కుర్చీ ముందు పడింది. ఆమె చీర అంచు అంటుకుంది.

నేను బకెట్ ఎత్తుకుని వెళ్లి చీర మీద కుమ్మరించాను. ఇంకా మండుతోంది. ఆమెను కుర్చీలోంచి కిందికి లాగి పడుకోబెట్టి, తీగ మీద ఆరేసిన మందపాటి దుప్పటి లాగి కాళ్ల మీద కప్పి అదిమాను. తోడికోడలు ఇసుక తట్ట తెచ్చి నేల మీద మండుతున్న థిన్నర్ మీద పోసింది. ఇదంతా ఎంతసేపు పట్టిందో నాకు తెలియదు. మంటలు ఆరాక చూస్తే మగవాళ్లు నలుగురూ ఎక్కడివాళ్లు అక్కడే ఉన్నారు.

కుడి పిక్క మీద అరచెయ్యంత కాలింది. తోలు ఎర్రగా పొక్కి ఉంది. మా ఆయన అప్పుడు కదిలి, లోపలికి పరుగెత్తి పళ్ల పేస్ట్ తెచ్చాడు. నేను ఆ చెయ్యి తోసేసి, అత్తమ్మను కుళాయి కిందికి జరిపి, కాలి మీద నీళ్లు అలా పడుతూ ఉండేలా ఇరవై నిమిషాలు పట్టుకున్నాను. ఆమె నొప్పికి నా భుజం కొరికినంత పని చేసింది. "అయిపోయిందమ్మా, అయిపోయింది," అంటూ ఉన్నాను. తర్వాత శుభ్రమైన నూలు గుడ్డ వదులుగా కప్పి దవాఖానకు తీసుకెళ్లాం.

దవాఖానలో డాక్టరమ్మ అడిగింది, "ఎట్ల కాలింది?"

మా మరిది వెంటనే అన్నాడు, "గ్యాస్ టార్చ్ పేలింది మేడమ్. మా వదిన తెచ్చింది, బంగారం పనిది."

నేను అక్కడే నిలబడి ఉన్నాను. నా చీర ఇంకా తడిగా ఉంది, చేతులకు మసి ఉంది. నోరు తెరవబోయాను. మా ఆయన నా చెయ్యి పట్టుకుని గట్టిగా నొక్కాడు. అత్తమ్మ మంచం మీద కళ్లు మూసుకుని మూలుగుతోంది. ఆమె ముందు గొడవ ఎందుకని ఊరుకున్నాను. నేను చేసిన తప్పుల్లో, టార్చ్ చేతిలోంచి వదిలేయడం ఒకటైతే, ఆ రోజు దవాఖానలో ఊరుకోవడం రెండోది.

ఎందుకంటే ఆ మాట అక్కడ ఆగలేదు. రెండు రోజుల్లో చుట్టాలందరికీ తెలిసిపోయింది. నా ఫోన్ మోగడం మొదలైంది. మా ఆయన మేనత్త కూతురు ఒకావిడ, "అంత డేంజర్ సామాన్ ఇంట్ల ఎందుకు పెట్టుకున్నవే? ముసలామెను చంపుతుంటివి గద," అంది. ఇంకొకరు, "ఇగ ఆ పని బంద్ చెయ్యి, మగోళ్ల పని మనకెందుకు," అన్నారు. ప్రతి ఒక్కరికీ జరిగింది చెప్పాను. విన్నారు, "అవునా," అన్నారు. కాని ఆ "అవునా"లో నమ్మకం లేదు. మేనేజరు చెప్పిన మాటకూ, అతుకులు పెట్టుకునే ఆడదాని మాటకూ తేడా ఉంటుంది కదా.

వారం తిరగకముందే ఒక పొద్దున మా ఆయన చాయ్ తాగుతూ, "ఆ టార్చ్ ఎవరికన్న ఇచ్చెయ్యరాదు," అన్నాడు.

నేను లేచి వరండాలోకి వెళ్లి టార్చ్, డబ్బా తెచ్చి ఆయన ముందు పెట్టాను. "పేలిన డబ్బ ఇది. చూడు. ఎక్కడన్న పగిలిందా? ఎక్కడన్న ఉబ్బిందా? నిన్న దీనితోనే రెండు గొలుసులు అతికిన."

ఆయన డబ్బా వైపు చూడలేదు. "నాకు తెలుసు," అన్నాడు.

"తెలిసి చెప్పవా?"

"వాడు ఆఫీసోళ్ల ముంగట ఉన్నడు ఆ రోజు. ఇప్పుడు నేను చెప్తే వాని ఇజ్జత్ పోతది."

"మరి నా ఇజ్జత్?"

ఆయన మిగిలిన చాయ్ తాగేశాడు. పాతికేళ్లకు పైగా నాతో ఒకే ఇంట్లో ఉన్న మనిషి. నేను వరండాలో ఏం చేస్తానో, ఎంత జాగ్రత్తగా చేస్తానో రోజూ చూసే మనిషి. ఆ రోజు నుంచి చాలా రోజులు ఆయనతో అవసరానికి మించి మాట్లాడలేదు.

అత్తమ్మ కాలికి రోజు విడిచి రోజు కట్టు మార్చాలి. ఆ పని నేనే చేశాను. ఒక రోజు పాత కట్టు విప్పుతుంటే ఆమె ఉన్నట్టుండి అంది, "నేను చూసిన బిడ్డా. నువ్వు పొయ్యకు అని ఒర్లుకుంట వచ్చినవు. వాడు నీ దిక్కు చూసి పోసిండు."

నా చేతిలో దూది అలాగే ఆగింది. "మరి ఎవరికి చెప్పలేదు ఎందుకత్తమ్మా?"

ఆమె కిటికీ వైపు చూసింది. "కొడుకు గద."

నేను కట్టు కట్టాను. ఎప్పటిలాగే వదులుగా, జాగ్రత్తగా కట్టాను. లేచి వెళ్లి వంటింట్లో నిలబడ్డాను. చూడని వాళ్లు అపార్థం చేసుకుంటే దానికొక అర్థం ఉంది. చూసినవాళ్లు, నా చేతుల్లో బతికినవాళ్లు, నోరు మూసుకుంటే ఆ కోపాన్ని ఎక్కడ పెట్టాలో నాకు తెలియలేదు. ఆ సాయంత్రం ఆమెకు గంజి పోస్తూ, "అత్తమ్మా, నీకు సేవ చేస్త. ఎప్పటికి చేస్త. కాని నిజం బయటికి వచ్చే దాక నేను మీ చుట్టాల ఏ ఫంక్షనుకు రాను," అన్నాను.

దాదాపు రెండు నెలల తర్వాత తోడికోడలు ఫోన్ చేసింది.

"అక్కా, ఆ గ్రిల్లు మూలకు పడ్డది. ఆయన దాని దిక్కు పోతనే లేడు. నాకు అంటించుడు నేర్పిస్తవా?"

"ఎందుకు?"

"ఎందుకేంది అక్కా, ఆ రోజు నేను సుత భయపడ్డ. ఇప్పుడు గ్యాస్ పొయ్యి అంటించాలన్న చెయ్యి వణుకుతున్నది. నువ్వు నిలబడితే భయం పోతది."

చుట్టాలందరిలో ఆ మాట అన్నది ఆ పిల్ల ఒక్కతే. మరుసటి గురువారం పొద్దున పది గంటలకు టార్చ్ తీసుకుని బొల్లారం వెళ్లాను. మరిది ఆఫీసుకు పోయి ఉన్నాడు.

ఆ పిల్ల నైలాన్ చీర కట్టుకుని ఉంది. ముందు లోపలికి పంపించి నూలు బట్టలు వేసుకు రమ్మన్నాను. గ్రిల్లు పెరటి మధ్యకు లాగాం. పైన ఏమీ లేదు, చుట్టూ ఏమీ లేదు. పిడికెడు దుమ్ము తీసి కిందికి వదలమన్నాను. అది ఎటు ఎగిరిందో చూసి, గాలి మన వీపుకు తగిలేలా నిలబడాలని చూపించాను. బొగ్గులు ఆ పిల్ల చేతే పేర్పించాను. మూత పూర్తిగా తీయించి, అడుగున గాలి రంధ్రాలు తెరిపించాను. నీళ్లు, ఇసుక పెట్టుకున్నాం. నా కళ్లద్దాలు ఆ పిల్లకు పెట్టి, నేను మా ఆయన పాత కళ్లద్దాలు పెట్టుకున్నాను.

"ఇప్పుడు ముందల అగ్గిపుల్ల గియ్యి, తర్వాతనే గ్యాస్. జెరంత గ్యాసే తిప్పు, జల్ది వెలిగించు. గ్యాస్ ఊకె పోనిస్తే పోగైతది."

వెలిగింది. ఆ పిల్ల చెయ్యి కింద నా చెయ్యి పెట్టాను.

"డబ్బ నిలువుగ ఉంచు. నువ్వే జెర కిందికి కూసో, డబ్బను వంచకు. గా రెండు పెద్ద బొగ్గుల నడుమ సందు చూడు. అండ్ల పెట్టు. జానెడు దూరం. మూతి బొగ్గుల దూరొద్దు. ముఖం పక్కకు పెట్టు, పైకి వంగకు. అట్లనే ఉంచు."

"ఎంతసేపు అక్కా?"

"అరవై అంకెలు లెక్కపెట్టు."

లెక్కపెట్టింది. ముప్పై దగ్గర ఒక ముక్క టప్పుమంది. రవ్వలు పక్కకు చిమ్మాయి. ఆ పిల్ల కదలలేదు, కళ్లు మాత్రం ఒకసారి మూసి తెరిచింది. అరవై అయ్యేసరికి బొగ్గు అంచు నారింజ రంగులో వెలుగుతోంది. ఇంకో వైపు ఇంకో సందులో అలాగే చేయించాను. మూడోచోట కూడా. టార్చ్ ఆపి, గ్యాస్ కట్టేసి, మూతి చల్లారేదాకా గోడ వారన సిమెంటు మీద నిలబెట్టించాను.

"గంతేనా?" అంది.

"గంతే. ఇగ దాని జోలికి పోవద్దు. నల్లగ ఉన్నా సరే, పోసుడు లేదు, ఊదుడు లేదు. గాలే పని చేస్తది. పైన బూడిద రంగు పడ్డంక కంకులు పెడదాం."

ఇద్దరం నీడలో కూర్చున్నాం. బొగ్గు కిందనుంచి పైకి మెల్లగా పాకుతుంటే ఆ పిల్ల చూస్తూ కూర్చుంది. పావుగంట దాటాక పైన తెల్లటి పొర కట్టింది. మొక్కజొన్న కంకులు పెట్టాం. ఆ పిల్ల ఒకటి తింటూ, "అక్కా, ఇంత చిన్న పనికి ఆ రోజు అంత చేసిండ్రు," అని ఏడ్చింది. నేను ఓదార్చలేదు. నాకు కూడా ఏడుపే వస్తోంది, కాని నాది కోపంతో వచ్చే ఏడుపు.

సరిగ్గా అప్పుడే మా మరిది వచ్చాడు. ఏదో కాగితం మరిచిపోయి ఇంటికి వచ్చాడట. వెనక తలుపు దగ్గర నిలబడిపోయాడు. గ్రిల్లును చూశాడు, పెళ్లాం చేతిలో కంకిని చూశాడు, గోడ పక్కన టార్చ్‌ను చూశాడు.

"ఎవరంటించిండ్రు?" అన్నాడు.

"నేనే," అంది తోడికోడలు.

"పేలలేదు చూడు," అన్నాను నేను. "దగ్గరికి వచ్చి చూడు. అదే టార్చ్."

వాడి ముఖం ఎర్రబడింది. "వదినా, ఆ రోజు పరేషాన్‌ల నోట్లెకెళ్లి వచ్చింది. నేను కావాలని అనలే."

"దవాఖానల పరేషాన్ ఉంటివి, సరే. రెండు నెలల సంది పరేషాన్‌లనే ఉన్నవా?"

వాడు లోపలికి పోయి కాగితం తీసుకుని ముందు తలుపు నుంచి వెళ్లిపోయాడు. మేము కంకులు తిన్నాక, మిగిలిన నిప్పు మీద మూత పెట్టి గాలి రంధ్రాలు మూయించాను. చల్లారిందనుకున్న బూడిదలో కూడా నిప్పు దాగి ఉంటుందని, రేపు ఇనప బకెట్లో ఎత్తి నీళ్లు పోసి కలిపాకే పారబోయమని చెప్పి వచ్చాను.

ఆ నెలలోనే మా ఆయన మేనత్త మనవరాలికి తొట్టెల ఫంక్షన్ వచ్చింది. నేను రానన్నాను. ముందే చెప్పాను కదా అన్నాను. అత్తమ్మ చీర మార్చుకుని, చేతికర్ర పట్టుకుని నా గది తలుపు దగ్గర నిలబడింది. "నువ్వు రాకుంటే నేను పోను," అంది. ఆమె అలా అనడం నేను ఎప్పుడూ వినలేదు. బయల్దేరాను.

భోజనాల దగ్గర ఫోన్లో నన్ను అన్నావిడే అత్తమ్మ పక్కన కూర్చుంది. కాలు ఎట్లా ఉందని అడిగి, నా వైపు ఒక చూపు చూసి, "ఇంట్ల ఆ గ్యాస్ సామాన్ ఇంక ఉంచుకున్నరా?" అంది.

అత్తమ్మ విస్తరి ముందు నుంచి లేవకుండానే చీర కొంచెం పైకి తీసి పిక్క చూపించింది. తోలు ఇంకా గులాబీ రంగులో ముడతలు పడి ఉంది. "సామాను కాలవెట్టలేదు," అంది, ఆ వరసలో ఉన్నవాళ్లందరికీ వినబడేలా. "నా చిన్నకొడుకు నిప్పుల మీద థిన్నర్ పోసిండు. వద్దని నా కోడలు ఒర్రింది. వినలే. నన్ను ఆర్పింది ఈమెనే. దవాఖానల వాడు అబద్ధం చెప్పిండు, నేను ఊకున్న. నాది సుత తప్పే."

ఎదురు వరసలో కూర్చున్న మా మరిది తల వంచుకుని అన్నం కలుపుతూనే ఉన్నాడు. కలిపిన అన్నమే మళ్లీ మళ్లీ కలిపాడు. మా ఆయన నన్ను చూశాడు. నేను ఆయన్ను చూడలేదు. ఫోన్లో అన్నావిడ, "అయ్యో, మాకేమెరుక," అంది. అడిగితే ఎరుకయ్యేది. నేను చెప్పినప్పుడు వింటే ఎరుకయ్యేది.

ఆ తర్వాత చుట్టాల్లో ఆ మాట ఆగిపోయింది. మా మరిది ఇంటికి వస్తే నాతో మర్యాదగా మాట్లాడతాడు, వదినా వదినా అంటూ నీళ్ల గ్లాసు కూడా తనే అందిస్తాడు. కాని "అబద్ధం చెప్పాను" అన్న రెండు మాటలు ఇంతవరకు వాడి నోట రాలేదు. మా ఆయన ఒకసారి, "ఇగ అయిపోయింది గద, మరిచిపో," అన్నాడు. అయిపోయిందని చెప్పాల్సింది ఎవరు, మాట పడ్డవాళ్లా, పక్కన నిలబడి చెయ్యి నొక్కినవాళ్లా? అదే అడిగాను. ఈసారి ఆయన, "నువ్వే," అన్నాడు.

నేను ఇంకా చెప్పలేదు. పొద్దున వరండాలో కూర్చుంటాను, బల్ల మీద తెగిన గొలుసు పెడతాను, టార్చ్ వెలిగిస్తాను. ఈ మధ్య తోడికోడలు నెలకొకసారి వచ్చి పక్కన కూర్చుంటోంది. కొక్కేలు అతకడం నేర్చుకుంటానంటోంది. పోయిన వారం మొదటి అతుకు పెట్టింది. వంకరగా వచ్చింది. విప్పి మళ్లీ పెట్టమన్నాను.